విల్సన్ ఇంటి మీద పడింది బ్రిటిష్ సైన్యం కాదు

జూలై 4 దగ్గరపడితే చాలు, ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 56 మందిలో ఐదుగురిని బ్రిటిష్ వాళ్లు పట్టుకుని చిత్రహింసలు పెట్టి చంపారట. తొమ్మిది మంది యుద్ధ గాయాలతోనో, కష్టాలతోనో పోయారట. పన్నెండు మంది ఇళ్లు తగలబడ్డాయట. మిగతావాళ్లు ఆస్తులన్నీ శత్రువుకు వదులుకుని దరిద్రంలో కన్నుమూశారట. ఈసారి నాకు వచ్చినదాని కింద ఫిలడెల్ఫియాలోని క్రైస్ట్ చర్చి ఆవరణలో ఉన్న, ఆ 56 మందిలో ఒకడైన జేమ్స్ విల్సన్ సమాధి ఫొటో కూడా ఉంది. దేశం కోసం సర్వం ధారపోసి దిక్కులేని చావు చచ్చాడని రాశారు.

ముందు ఆ ఐదుగురి సంగతి. బ్రిటిష్ వాళ్లకు చిక్కినవాళ్లు ఐదుగురు ఉన్న మాట నిజమే. కానీ బందీగా ఎవరూ చనిపోలేదు. జార్జ్ వాల్టన్ 1778లో సవన్నా యుద్ధంలో గాయపడి దొరికాడు. హేవర్డ్, రట్లెడ్జ్, మిడిల్టన్ 1780లో చార్ల్స్‌టన్ పతనమైనప్పుడు పట్టుబడ్డారు. ఈ నలుగురూ తర్వాత విడుదలయ్యారు. రిచర్డ్ స్టాక్టన్ జైల్లో నరకం చూశాడు. అయినా ఆయన పోయింది 1781లో, ప్రిన్స్‌టన్‌లో, క్యాన్సర్‌తో.

తొమ్మిది మంది గాయాలతో పోయారన్నదీ నిలవదు. బ్రిటిష్ తూటాకు బలైన సంతకందారు ఒక్కరూ లేరు. బటన్ గ్విన్నెట్ 1777లో తూటా తగిలి చనిపోయాడు కానీ, అది సాటి అమెరికన్ సైనికాధికారితో జరిగిన ద్వంద్వ యుద్ధంలో.

ఇళ్ల విషయంలో మాత్రం కొంత నిజముంది. ఫ్రాన్సిస్ లూయిస్ ఇంటిని ధ్వంసం చేసి ఆయన భార్యను ఖైదు చేశారు. ఆరోగ్యం పాడై ఆమె 1779లో చనిపోయింది. ఇలాంటి అసలు త్యాగాలు ఉండగా అబద్ధాలు కలపడం నాకు బాధగా ఉంటుంది. ఒకటి అబద్ధమని తేలితే చదివినవాడు లూయిస్ భార్య కష్టాన్నీ నమ్మడు.

ఇక విల్సన్. స్కాట్లండ్‌లో పుట్టి 1765లో వలస వచ్చిన లాయరు. ఆయన ఇంటి మీద దాడి జరిగింది, మనుషులూ చనిపోయారు. అయితే అది 1779 అక్టోబర్ 4న. బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియా వదిలి వెళ్లి అప్పటికి ఏడాది దాటింది. దాడి చేసింది స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న మిలీషియా (స్థానిక పౌరుల దళం) వాళ్లే. ధరలు మండిపోతున్నాయి, వ్యాపారుల మీద జనం కోపంగా ఉన్నారు. దానికితోడు, శత్రువుకు సాయం చేశారని కేసులు పడ్డవాళ్ల తరఫున కోర్టులో వాదించింది విల్సన్. అందుకే ఆయన మీద కసి. గుర్రపు దళం వచ్చాక గానీ గొడవ ఆగలేదు. జనానికి గిట్టని కేసులు పట్టుకుని నిలబడిన ఈ ధైర్యం గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

ఆస్తి పోయిందా? పోయింది, కానీ భూముల బేరాల్లో. 1789లో వాషింగ్టన్ ఆయన్ను సుప్రీంకోర్టు తొలి న్యాయమూర్తుల్లో ఒకరిగా నియమించాడు. ఆ పదవిలో ఉంటూనే అప్పులు చేసి లక్షల ఎకరాలు కొన్నాడు. 1796, 97ల్లో మార్కెట్ కుప్పకూలింది. అప్పు చేసి పొలాలు కొని, రేటు పెరుగుతుందని ఎదురుచూసి మునిగిన కుటుంబాలు మన ఊళ్లలోనూ ఉన్నాయి. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. విల్సన్ మొదట న్యూజెర్సీలో అప్పుల జైలుకు వెళ్లాడు. బయటికొచ్చి నార్త్ కరోలినాకు పారిపోతే, అక్కడ పియర్స్ బట్లర్ బాకీ కింద మళ్లీ జైల్లో పడ్డాడు. ఈ బట్లరూ, విల్సనూ 1787లో ఒకే సభలో కూర్చుని రాజ్యాంగం రాసినవాళ్లు!

1798 ఆగస్టులో నార్త్ కరోలినాలోని ఈడెన్టన్‌లో, ఒక పూటకూళ్ల ఇంట్లో, జ్వరంతో నీరసించి చనిపోయాడు. అప్పటికీ ఆయన న్యాయమూర్తే. దిక్కులేని చావు అనడమూ తప్పే. భార్య హన్నా చివరిదాకా పక్కనే ఉంది. సాటి న్యాయమూర్తి ఐరెడెల్ బంధువుల తోటలో ఖననం చేశారు.

ఆయన్ను తలుచుకోవాలంటే అసలు సంగతులు చాలా ఉన్నాయి. రాజ్యాంగ సభలో 168 సార్లు మాట్లాడాడు. దేశాధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని అడిగాడు. చట్టసభలో రాష్ట్రాలకు సీట్లు పంచే జనాభా లెక్కలో బానిసలను ఐదింట మూడు వంతులుగా లెక్కించే సూత్రాన్ని సభ ముందు పెట్టిందీ ఆయనే. అదీ చెప్పాల్సిందే.

ఫొటోలోని సమాధి ఆయన పోయిన 108 ఏళ్ల తర్వాతిది. 1906 నవంబరులో అవశేషాలను ఈడెన్టన్ నుంచి తెచ్చి, క్రైస్ట్ చర్చి గోడ పక్కన పెట్టారు. చూడాలనుకునేవాళ్లు ఆర్చ్ స్ట్రీట్‌లో ఫ్రాంక్లిన్ సమాధి ఉన్న శ్మశానానికి వెళ్తే దొరకదు. అదీ ఆ చర్చిదే కానీ వేరేచోట ఉంది. సెకండ్ స్ట్రీట్‌లో చర్చి ఉన్న ఆవరణలోకే వెళ్లాలి. స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సమకూర్చి, ఆ తర్వాత ఇలాగే భూముల అప్పుల్లో జైలుకు వెళ్లిన రాబర్ట్ మోరిస్‌ను పాతిపెట్టిందీ అక్కడే.