లేస్తుంది సార్, చూడండి

అనంతపురంలో సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి కనీసం ఆరుగురు పోవాలి. పెళ్లిచూపులకైతే నలుగురు చాలు. కారు విషయం అంత తేలిక కాదు. ఒకరు టైరును తన్నడానికి. ఎందుకు తంతారో ఎవరికీ తెలియదు గానీ, తన్నకుండా తిరిగొచ్చిన దాఖలా లేదు. ఒకరు తలుపు వేసి, ఆ చప్పుడుకు కళ్లు మూసుకుని తల ఊపడానికి. ఒకరు నంబరు ప్లేటు మీది అంకెలు కూడడానికి. ఒకరు మీటరు తిప్పారని అనుమానించడానికి. ఐదోవాడు ముఖ్యుడు. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి ఒక్క ఒత్తు ఒత్తి వదిలి, "షాకులు బాగుండాయి" అని తీర్పు చెప్పేది ఇతనే. ఆరోవాడు డబ్బులిచ్చేవాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగరు.

ఐదోవాడి శాస్త్రాన్ని నేను తక్కువ చేయను. షాకబ్జర్ అంటే ఒక గొట్టం, గొట్టంలో నూనె, నూనెలో సన్న కంతలున్న పిస్టన్. గుంతలో పడినప్పుడు స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టి ఆపేది ఆ నూనే. మూల ఒత్తి వదిలితే లేచి, ఒక్కసారికే కుదురుకోవాలి. రెండుమూడు సార్లు ఊగిందంటే దాని పని అయిపోయినట్టు. మామూలు కారుకు ఈ పరీక్ష కొంతవరకు పనికొస్తుంది.

మా బామ్మర్ది మనసు పడ్డది మామూలు కారు మీద కాదు. బెంగళూరు నుంచి దిగిన పదహారేళ్ల విదేశీ బండి. కొత్తలో కోటి దగ్గర పలికిన బండి, ఇప్పుడు చిన్న మారుతి ధరకే వస్తోంది. ఎందుకు వస్తోందని ఆరుగురిలో ఒక్కరూ అడగలేదు. శుభమా అంటూ బేరానికి పోయి అట్లాంటి మాటలు మాట్లాడతారా? (కేఏ నంబరును ఏపీకి మార్చుకోవడం, ఎన్ఓసీ, లైఫ్ ట్యాక్సు, అదంతా ఇంకో రోజు ఏడుద్దాం.)

ఈ బండికి హైడ్రాలిక్ సస్పెన్షన్. ఇంజను తిరిగితే పంపు తిరుగుతుంది, పంపు నూనెను తోస్తుంది, ఆ ఒత్తిడి మీద బండి నిలబడుతుంది. బ్రోకరు బటన్ నొక్కాడు. బండి ఒళ్లు విరుచుకున్నట్టు మెల్లగా పైకి లేచింది. "లేస్తుంది సార్, చూడండి." నాయకుడు రాగానే లేచి, పోగానే కూలబడే కార్యకర్తలను రోజూ చూసే ఊరు మాది. అయినా ఇనుము అట్లా లేస్తుంటే అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. ఐదోవాడు అలవాటు కొద్దీ బానెట్ ఒత్తాడు. బండి ఇంచుమించు కదల్లేదు. "రాయి మాదిరి ఉండాది!" అని మెచ్చుకున్నాడు. ఇట్లాంటి బండి రాయిలా బిగుసుకుపోవడం రోగలక్షణం కావచ్చని ఆయనకు చెప్పేంత ధైర్యం నాకు లేదు.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. ఈ విద్య పాతదేనని చెప్పబోయి చరిత్ర విప్పాను. 1955లో పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ వాళ్లు డీఎస్ అనే కారు పెట్టారు. అందులో స్ప్రింగుల బదులు గోళాలు. ఒక్కో గోళంలో ఒక పక్క నైట్రోజన్, ఒక పక్క నూనె, నడుమ ఒక పొర. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలో అధ్యక్షుడు డిగాల్ మీద తుపాకులు పేలితే, టైర్లు పంచరైనా డీఎస్ ఆగకుండా ఆయన్ని దాటించింది. ఈ కథ సీమలో చెప్పకూడదు. "అయితే తీసుకోవాల్సిందే బావా" అన్నాడు మా వాడు. వాడికి శత్రువులంటూ ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక ఎరువుల అంగడి.

ఏడోవాడిగా మా షెడ్డు భాయ్‌ని పిలుచుకున్నాను. "రాత్రంతా నిలబడిన బండిని స్టార్ట్ చేయకముందు చూడల్ల సార్. లేసేది ఎవడైనా చూపిస్తాడు. ఎట్ల కూర్చునిందో చూడల్ల" అన్నాడు. సరే, చెప్పాపెట్టకుండా పొద్దున ఐదున్నరకే వెళ్లాం. బ్రోకరు అప్పటికే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని ఉన్నాడు. బండి నిటారుగా నిలబడి ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. "మీరొస్తారని వేడి చేసి పెట్టినా సార్" అన్నాడు, కాఫీ సంగతి చెప్పినట్టు. మేమొస్తున్నట్టు ఎవరు చేరవేశారో తేలలేదు. తలుపు వేసేవాడి మీద నాకు అనుమానం.

భాయ్ ఏమీ అనలేదు. ఇంజను ఆపించాడు. టేపు తీసి, ఒక్కో చక్రం నడిమి నుంచి పైన రేకు అంచు దాకా కొలిచి, నాలుగు అంకెలూ అరచేతిలో రాసుకున్నాడు. తాళం చెవి జేబులో వేసుకుని, "రాండి, ఉగ్గాని తిని వద్దాం" అన్నాడు.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, టీ, మళ్లీ టీ. రాజకీయాలు కూడా కలిపి మూడు గంటలు లాగాం. తిరిగొచ్చేసరికి మూడు మూలలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ముందు ఎడమ మూల మాత్రం చతికిలబడింది. టేపు లెక్కలో రెండున్నర అంగుళాలు.

"నేల వంపు సార్" అన్నాడు బ్రోకరు.

"నేను కొలిచింది చక్రం కాడి నుంచి. నేల కాడి నుంచి కాదు" అన్నాడు భాయ్.

"ఇక్కడి ఎండకు సార్. బెంగళూరులో ఇట్ల లేకుండె." అప్పుడు టైము ఎనిమిదిన్నర.

భాయ్ గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. అక్కడ ఆయన్ని కలవరపెట్టింది మురికి కాదు, శుభ్రం. వానకు మొహం వాచిన ఊళ్లో, నెల రోజులుగా ఆరుబయట నిలబడిన బండి అడుగున చిటికెడు దుమ్ము లేదు. డీజిల్ కొట్టి కడిగిన వాసన. "దుమ్ముంటే నూనె కారిన చోట నల్లగా పేరుకుని ఉంటాది సార్. కడిగినోడు దాన్నే కడిగినాడు" అని కింద నుంచే చెప్పాడు. ఆ మూల పైపు జాయింటు దగ్గర అప్పుడే పుట్టిన తడి ఉంది. వేలితో అద్ది, వాసన చూసి, వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. పైపు ఒకటే అయితే తక్కువలో పోతుంది, వాల్వుల బ్లాకు అయితే ఇంత, పంపు కూడా పోయుంటే ఇంత అని అంకెలు చెప్పాడు. ఆఖరి అంకె విని, టైరు తన్నేవాడు లేపిన కాలు దించుకున్నాడు.

ప్రభుత్వానికి నాదొక విన్నపం. వాహనాల తనిఖీకి కోట్లు పెట్టి యంత్రాలు తెచ్చే బదులు, పాత కార్ల అంగడి పక్కన తప్పనిసరిగా ఒక ఉగ్గాని హోటలు ఉండాలని జీవో తేవాలి. కూర్చుని తిన్నంతసేపు ఇంజను ఆపి ఉంచాలి, తాళం గిరాకీ జేబులో ఉండాలి. బజ్జీ ప్లేటు ధరకు ఇంత నిక్కచ్చి పరీక్ష ఏ దేశంలోనూ దొరకదు.

ఇంత జరిగాక మా బామ్మర్ది నన్ను పక్కకు పిలిచాడు. "బావా, స్టార్ట్ చేస్తే లేస్తాది కదా?"

"లేస్తుంది."

"మరి ఇంకేం?"

కొన్నాడు. బండి ఇప్పుడు వాళ్లింటి ముందుంది. మొన్న ఓళిగలు తినడానికి పిలిస్తే వెళ్లి చూశాను, నాలుగు మూలలూ సమంగా ఉన్నాయి. బాగు చేయించావా అని సంతోషంగా అడిగాను. వాడు వంగి చూపించాడు. ముందు ఎడమ టైరు కింద కడప బండ ముక్కలు రెండు, ఒకదాని మీద ఒకటి.

"వీధిలో పొయ్యేటోళ్లు చూస్తారు కదా బావా" అన్నాడు.