సాంతేరియా సీసాల్లో దొరకదు

"సాంతేరియా అంటే ఏడు రంగుల కొవ్వొత్తులు, ఏడు రకాల నూనెలు, కాస్త ధూపం. ఆకుపచ్చ కొవ్వొత్తికి ధనం నూనె రాసి వెలిగిస్తే డబ్బు వస్తుంది. ఎర్రదానికి ప్రేమ నూనె రాస్తే కోరుకున్న మనిషి వస్తారు. దీక్ష అక్కర్లేదు, అన్నీ ఇంట్లోనే చేసుకోవచ్చు, ప్రమాదం ఏమీ లేదు." కొద్ది మార్పులతో ఇవే మాటలు వీడియోల్లో, పోస్టుల్లో తెగ తిరుగుతున్నాయి. వాటి కిందే "ఇది వూడూ, చేతబడి" అని భయపెట్టేవాళ్లు ఇంకొందరు. క్యూబాలో రూపుదిద్దుకుని, మయామీ, న్యూయార్క్‌ల దాకా ఎన్నో ఇళ్లలో నడుస్తున్న మతమిది. దాన్ని ఒకరు సరుకు చేస్తున్నారు, ఇంకొకరు దయ్యం చేస్తున్నారు. రెండూ అన్యాయమే.

నూనె, కొవ్వొత్తి, ధూపం ఉంటే సాంతేరియా అయిపోతుందన్నది మొదటి మాట. కాదు. దీనికి మూలం ఆకు. "ఆకు లేనిదే ఒరిషా లేదు" అని వాళ్ల సామెత. ఒరిషాలంటే ఈ మతంలో కొలిచే దేవతలు. ఇప్పటి నైజీరియా, బెనిన్ ప్రాంతాల నుంచి యొరుబా ప్రజల్ని బానిసలుగా పట్టి తెచ్చి చెరకు తోటల్లో పనికి పెట్టారు. ముఖ్యంగా 19వ శతాబ్దంలో అలా వచ్చినవాళ్లతో పాటే ఈ దేవతలూ క్యూబా చేరారు.

ఆకులన్నిటికీ యజమాని ఒసాయిన్ అనే ఒరిషా. ఒంటి కన్ను, ఒంటి చెయ్యి, ఒంటి కాలు. తనకున్న మూలికలన్నీ ఒక సొరబుర్రలో పెట్టి చెట్టుకు వేలాడదీసి, ఎవరికీ ఇచ్చేవాడు కాదట. గాలికి అధిపతి అయిన ఒరిషా ఓయా తన పరికిణీ విసిరి పెద్దగాలి లేపింది. బుర్ర కిందపడింది, ఆకులు చెల్లాచెదురయ్యాయి, ఒరిషాలు ఎవరికి అందినవి వాళ్లు ఏరుకున్నారు. అందుకే ఒక్కో ఒరిషాకు తనవైన ఆకులున్నాయి. అయినా ఆకుల మీద పెద్దరికం మాత్రం ఇప్పటికీ ఒసాయిన్‌దే.

ఆచారంలో ఈ కథ ఒమియెరో దగ్గర కనిపిస్తుంది. పచ్చి ఆకుల్ని నీళ్లలో చేత్తో తుంచి, నలుపుతూ, వరసగా ఒరిషాల పాటలు పాడుతూ తయారుచేసే నీళ్లవి. తేనె, గుడ్డుపెంకు పొడి లాంటివి తర్వాత కలుపుతారు. ఒరిషా రాళ్లను, పూసల దండలను ఆ నీళ్లతోనే కడుగుతారు. దీక్ష తీసుకునేవాళ్లకు ఆ నీళ్లతోనే స్నానం. ఏ ఆకు ఎవరిది, ఏ పాట తర్వాత ఏ పాట అన్నది పెద్దల దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకునే విద్య. దీన్ని పక్కన పెట్టేసి సీసాల గురించి మాట్లాడేవాళ్లు సాంతేరియా గురించి మాట్లాడుతున్నట్టు కాదు.

ఇక రంగుల పట్టిక. రంగులు కోరికలవి కావు, ఒరిషాలవి. యెమయాకు నీలం, తెలుపు. చాంగోకు ఎరుపు, తెలుపు. ఓచున్‌కు పసుపు, ఒబతాలాకు తెలుపు. అంకెలూ అంతే: ఓచున్‌కు 5, చాంగోకు 6, యెమయాకు 7, ఒబతాలాకు 8. ఆకుపచ్చ, నలుపు కలిస్తే ఇనుముకు అధిపతి ఒగున్ రంగులవుతాయి. ప్రేమ, సంపద కోరి వెళ్లేది ఓచున్ దగ్గరికి. ఆమెది పసుపు. అంటే ఆ పట్టిక ఈ మతం లెక్క ప్రకారమే తప్పు.

మరి ధనం నూనె, ప్రేమ నూనె ఎక్కడివి? కొవ్వొత్తికి నూనె పూసి కోరిక చెప్పుకోవడం ఎక్కువగా అమెరికా నల్లజాతివారి జానపద మంత్ర సంప్రదాయమైన హూడూ నుంచి, 20వ శతాబ్దం మొదటి సగంలో పోస్టు ద్వారా అలాంటి సరుకులు అమ్మిన వ్యాపారుల నుంచి వచ్చింది. గాజు గ్లాసులో రోజుల తరబడి వెలిగే కొవ్వొత్తి కాథలిక్కులు తొమ్మిది రోజులు చేసే నొవేనా ప్రార్థనలది. ప్రతి వీడియోలోనూ కనిపించే ఫ్లోరిడా వాటర్ 19వ శతాబ్దంలో న్యూయార్క్ నుంచి మార్కెట్లోకి వచ్చిన సెంటు. ఇవన్నీ బొటానికా అనే పూజా సరుకుల దుకాణాల అల్మారాల్లో పక్కపక్కన చేరేసరికి బయటివాళ్లకు ఒకటే మతంలా కనిపించాయి. ఎవరైనా వాటిని కలిపి వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు, ఈ మతం పాటించే సాంతేరోలు కూడా చాలామంది వాడతారు. వాటిని యొరుబా బానిసల పురాతన రహస్యం అని అమ్మడం మాత్రం అబద్ధం. మన దగ్గర వశీకరణ తైలం అమ్మేవాళ్లు వేదాల పేరు వాడుకున్నట్టే ఇదీ.

అలాగని ఈ మతంలో నూనె, దీపం, పొగ లేవా అంటే, ఉన్నాయి. దారులు తెరిచే ఒరిషా ఎలెగ్వాకు, ఒగున్, చాంగోలకు కొరొహో అనే ఎర్ర పామాయిల్ వాడతారు. ఒబతాలాకు అది నిషిద్ధం, ఆయనకు కోకో బటర్. అంటే నూనె కూడా కోరికను బట్టి కాదు, ఒరిషాను బట్టే. ఓచున్‌కు గుమ్మడికాయ తొలిచి, నూనె, తేనె పోసి దీపం పెడతారు. ఆమెకిచ్చే తేనెను ముందు ఇచ్చేవాళ్లే రుచి చూడాలి, ఎందుకంటే ఒకప్పుడు తేనెలో విషం కలిపి ఆమెను చంపబోయారట. ఎలెగ్వాకు చుట్ట పొగ ఊదుతారు. చనిపోయిన పెద్దల కోసం తెల్ల కొవ్వొత్తి, గ్లాసుతో నీళ్లు పెడతారు. డిసెంబర్ 17న హవానా దగ్గర ఎల్ రింకోన్ చర్చికి వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తారు. రోగాలకు అధిపతి అయిన ఒరిషా బబలు అయేగా కూడా కొలిచే సెయింట్ లాజరస్‌కు మొక్కు తీర్చుకోవడానికి.

దీక్ష అక్కర్లేదన్న మాటలో సగమే నిజం. ఇంట్లో చనిపోయిన పెద్దల పేరున కొవ్వొత్తి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒరిషాకు ఏదైనా చేయాలంటే మాత్రం ముందు గవ్వలు వేసి అడుగుతారు. ఏం ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో అక్కడే తేలుతుంది. పూర్తి దీక్ష తీసుకున్నవాళ్లు ఏడాదీ ఏడు రోజులు తెల్లబట్టలే కట్టాలి. అంత నియమం ఉన్న మార్గాన్ని "ఇంట్లో ట్రై చేయండి" అనడం ఆ నియమం పాటించేవాళ్లను అవమానించడమే.

వూడూ అన్న మాటకు జవాబు చిన్నదే. హైతీ వోడూ వేరే మతం. దాని మూలాల్లో ఎక్కువ భాగం దహోమీ (ఇప్పటి బెనిన్) ప్రాంతపు ఫోన్ ప్రజలవి. ఇక ఈ మతంలోని జంతుబలిని చూపి నేరం అనేవాళ్లకు: ఫ్లోరిడాలోని హయాలియా నగరం 1987లో జంతుబలి మీద చట్టాలు చేసింది. ఈ మతాన్ని గురిపెట్టి చేసిన చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1993లో ఏకగ్రీవంగా కొట్టేసింది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది "ప్రమాదం ఏమీ లేదు" అన్న మాట. దాల్చినచెక్క నూనె నేరుగా చర్మానికి రాస్తే కాలినట్టు మండుతుంది. రూడా (సదాపాకు) రసం తగిలిన చోట ఎండ పడితే బొబ్బలు లేస్తాయి. గాజు గ్లాసు కొవ్వొత్తి మీద ఎండు ఆకులు, నూనె వేస్తే అవి ఒక్కసారిగా అంటుకోవచ్చు, గ్లాసు పగలొచ్చు. ఇంకా ఘోరం పాదరసం. అదృష్టం కోసం కొవ్వొత్తిలో, నూనెలో కలపమని, ఇంట్లో చల్లమని చెప్పేవాళ్లున్నారు. ఆచారాల్లో పాదరసం వాడకం మీద అమెరికా పర్యావరణ సంస్థ 2002లో ప్రత్యేకంగా నివేదికే ఇచ్చింది. పాదరసం మామూలు గది వేడికే ఆవిరవుతుంది, వేడి తగిలితే ఇంకా వేగంగా. ఆ ఆవిరి మెదడును, కిడ్నీలను దెబ్బతీస్తుంది, పిల్లలకు మరీ ప్రమాదం. ఎవరైనా ఇప్పటికే ఒలికించి ఉంటే చీపురుతో ఊడ్చకండి, వాక్యూమ్ క్లీనర్ అసలే వాడకండి. పిల్లల్ని బయటికి పంపి, ఆ గది తలుపు మూసి, దాని కిటికీలు తెరిచి, మీ ఊరి ఆరోగ్య శాఖకు ఫోన్ చేయండి.