నిలవ అంటే అంత చులకనా?

ఆవకాయ ఏడాది నిలవుంటే "చెయ్యి మంచిది" అంటారు. పది రోజుల కిందటి మటన్ నేను ఫ్రీజర్లోంచి తీస్తే మాత్రం "నిలవ మాంసమా?" అని మొహం చిట్లిస్తారు.

మా అత్తయ్యది ప్రొద్దుటూరు. మొన్న వచ్చినప్పుడు ఫ్రీజర్ తలుపు తీసి, పేర్చిన ప్యాకెట్లు చూసి, "ఏమ్మా, వారం కిందట కోసిన కోడిని ఈపొద్దు వండుతాండావా?" అన్నారు. ఆవిడ ఇంటికి కోడి కొట్టు నాలుగడుగులు. నేనేమో బెంగళూరులో, ఆఫీసున్న మాన్యతా టెక్ పార్కులో బయల్దేరి, హెబ్బాళ దాటి, ఇల్లున్న యలహంక చేరేసరికి ఎనిమిది. పిల్లలు తొమ్మిదిన్నరకి పడుకోవాలి. ఆ మధ్యలో కోడి కొని, కడిగి, మసాలా నూరి వండిపెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే పంపించండి, హాయిగా కూర్చుని తింటాను.

నాకీ అలవాటు నేర్పింది ఏరో ఇండియా, అదే, మా యలహంకలో జరిగే విమానాల ప్రదర్శన. నవ్వకండి. 2025లో యలహంక వైమానిక స్థావరం చుట్టూ 13 కిలోమీటర్ల దాకా మాంసం అమ్మకూడదన్నారు, జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 వరకూ. వ్యర్థాల కోసం గద్దలు వస్తే విమానాలకు తగులుతాయని. న్యాయమే. మా వీధి కొట్టతను షట్టర్ దించే ముందు నాలుగు కిలోలు తెచ్చి, కవరుతో సహా ఫ్రీజర్లో కుక్కేశాను. వారం తర్వాత తీస్తే బండరాయి! అప్పడాల కర్రతో బాదుతుంటే కింది ఫ్లాట్ ఆవిడ పరిగెత్తుకొచ్చి "ఏనాయ్తు?" (ఏమైంది?) అంది.

ఇప్పుడు తెలివొచ్చింది. ఆదివారం పొద్దున్నే తెచ్చి, అరకిలో చొప్పున జిప్ కవర్లలో వేసి, గాలంతా నొక్కేసి, నోటుపుస్తకంలా పలచగా పరుస్తాను. పలచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది. మెల్లగా గడ్డకడితే లోపల మంచు పలుకులు పెద్దవై కండని చీలుస్తాయి, కరిగేటప్పుడు రసమంతా కారిపోయి ముక్క పీచులా మిగులుతుంది. చికెన్‌కి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముందే పట్టిస్తాను. పచ్చి బొప్పాయి జోలికి పోకండి, కరిగినంతసేపూ పనిచేస్తూనే ఉండి పొద్దునకి గుజ్జు చేసి పెడుతుంది. మటన్ అయితే కుక్కర్లో ఉడికించి, చల్లార్చి, ఆ నీళ్ళతోనే పెట్టేస్తా. సాయంత్రం ఉల్లిపాయలు వేయించి కొబ్బరి గసాల ముద్ద కలిపితే అరగంటలో కూర. ఫ్రీజర్లో పెట్టేదాంట్లో బంగాళాదుంప వేశారో, ఇసక నమిలినట్టుంటుంది.

అత్తయ్య భయం ఒక్క విషయంలో సబబే. చలికి సూక్ష్మజీవులు చావవు, ముడుచుకుని పడుకుంటాయంతే. గట్టు మీద పెట్టి కరిగిస్తే లేచి కూర్చుంటాయి. అందుకే ముందు రాత్రే గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి దించాలి. బయట కరిగిన పచ్చి మాంసం మళ్ళీ ఫ్రీజర్లోకి తోయకూడదు.

మరి ఫ్రెష్ అని మనం ఎగబడేదేంటి? కొక్కేనికి వేలాడుతూ, బండ్ల పొగ పీలుస్తూ మధ్యాహ్నం దాకా ఉన్నది. ఉగాది మర్నాడు హొసతొడకుకి, అంటే కన్నడిగుల మాంసం విందు రోజున, ఈ ఊళ్ళో తెల్లారకముందే మటన్ కొట్ల ముందు లైన్లు. నేను ఆ పూట పడుకుంటాను.

అత్తయ్య చిన్నప్పుడు పొట్టేలు కోస్తే, మిగిలిన మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండేసేవారట. నెలల తరబడి ఆ తునకలే పులుసు. "అది నిలవ కాదా అత్తయ్యా?" అన్నాను. "అది ఎండలో ఎండింది మే, యాడైనా చెడుతుందా?" అన్నారు. ఇంకేం మాట్లాడతాం.

ఆవిడ మీద నాకు కోపం లేదు. కోపమంతా మా ఆయన మీద. "అమ్మ చెప్పింది కరెక్టే, అప్పటికప్పుడు తెచ్చి వండితే ఈ రుచే వేరు" అన్నాడు, రెండోసారి గరిటె ముంచుతూ. ఆ మటన్ పన్నెండు రోజుల కిందటిది. ఆ పూట చెప్పలేదు, ఇక్కడ చదువుకుంటాడు.

రేపటి కీమా ఈ రాత్రి కిందికి దించే పని ఆయనదే. పైనుంచి రెండో ప్యాకెట్, తేదీ రాసే ఉంది.