జగ్ గారికి, మా వాడి గడ్డం విషయమై

మహారాజరాజశ్రీ జగ్ గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అన్న మాట ఈసారికి వదిలేశాను, ఏమనుకోకండి. తమరు కులాసాగా ఉన్నారనీ, తమ దర్బారు కిటకిటలాడుతోందనీ నిన్న మూడింటి నుంచి నాలుగుంపావు దాకా స్కూలు పార్కింగ్‌లో, కారులో కూర్చుని స్వయంగా తెలుసుకున్నాను.

తమరి పేరు మా ఇంట్లో మొదటిసారి వినపడింది నిరుడు. ఇక్కడ అమెరికాలో జెస్యూట్ల (ఒక క్యాథలిక్ సన్యాసుల సంఘం) బడిలో తొమ్మిదిలో చేరిన రెండో వారం మావాడొచ్చి "అమ్మా, నాకివాళ జగ్ ఇచ్చారు" అన్నాడు. పోటీలో ఏదో గెలిచాడనుకుని మా ఆవిడ "మూతుందా దానికి?" అని అడిగింది. బెల్టు మర్చిపోయినందుకు బడయ్యాక గంటసేపు ఫోను లేకుండా, నోరెత్తకుండా కూర్చోబెట్టడాన్ని జగ్ అంటారని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో మంచినీళ్ళ జగ్గుని "అది" అనే పిలిచాం.

'జస్టిస్ అండర్ గాడ్' అన్నది తమరి పూర్తి నామధేయమని పిల్లలు చెబుతారు. కాదు, లాటిన్‌లో కాడికున్న పేరు 'యుగుమ్' నుంచి వచ్చిందని ఇంకో మాట. నాకు రెండోదే నచ్చింది. ఆ యుగుమూ మన సంస్కృతం యుగమూ ఒక వేరు నుంచి పుట్టినవే, సంస్కృతంలోనూ యుగమంటే కాడి. నిన్నటి డెబ్బై అయిదు నిమిషాలు నాకు యుగంలా ఎందుకు గడిచాయో అప్పుడర్థమైంది.

ఇక విషయానికొస్తాను. నిన్న పొద్దున ఆరింటికి మావాడు గడ్డం గీసుకున్నాడు. వాష్‌బేసిన్ కడగలేదు కాబట్టి సాక్ష్యం ఇంకా అక్కడే ఉంది, కావాలంటే ఫొటో పంపుతాను. మధ్యాహ్నం రెండింటికి మెట్ల దగ్గర, క్రమశిక్షణ చూసే డీన్ గారు ఆపి, వాడి చుబుకం వైపు చూసి, "రా నాయనా" అని లోపలికి తీసుకెళ్ళారట. ఆయన సొరుగులో ఒక డబ్బా నిండా వాడి పారేసే రేజర్లుంటాయి. ఒకటి చేతికిచ్చి బాత్రూంకి పంపారు. క్రీము లేదు, వేడినీళ్ళు లేవు, చేతులు కడుక్కునే గులాబి సబ్బు ఉంది. దాంతోనే కానిచ్చాడు. గీసుకొచ్చాక గులాబి రంగు చీటీ ఒకటి. దానిమీద అచ్చేసిన గడుల్లో 'ఫేషియల్ హెయిర్' దగ్గర టిక్కు.

చీటీ నెత్తిన ఏ.ఎం.డి.జి. అని నాలుగక్షరాలు. మనం పరీక్ష పేపరు మీద శ్రీరామ రాసినట్టు వీళ్ళు ప్రతి పేపరు మీదా అది రాస్తారు. దేవుని అధిక మహిమ కొరకు అని అర్థం. అంటే ఆ చీటీని వరసగా చదివితే ఏమొస్తుందంటారా? దేవుని అధిక మహిమ కొరకు, గడ్డం.

అయ్యా, మా వంశంలో గడ్డం బడి గంటలు చూసుకుని పెరగదు. మా నాన్న పొద్దున్నే మంగలి దగ్గర గీయించుకుని, మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి బుగ్గలు నీలంగా తేలేవి. విజయవాడలో ఆంధ్ర లొయోలా కాలేజీలో, అదీ మీ జెస్యూట్లు 1953లో పెట్టిందే, ఇంటర్ చదివే రోజుల్లో మా బెంగల్లా మీసం రావట్లేదని. వచ్చిన నాడు హాస్టలంతా చూపించుకుని తిరిగాం. ఇక్కడ అదే మీసానికి చీటీ.

సరే, నిబంధన నిబంధనే అంటారు. ఒప్పుకుంటాను. వాడి పక్క సీట్లో కూర్చునే పిల్లాడికి గడ్డం లేదా మరి? ఉంది. మొక్కజొన్న పీచులా, పత్తి నూగులా, మూడు రోజుల నాటిది ఉంది. ఎండలో పక్కకి తిప్పి నిలబెడితే తప్ప కనపడదు. మావాడిది ఎనిమిది గంటల వయసు గడ్డం. ఎనిమిది గంటలు! దాన్ని కారిడార్ అవతలి చివర నుంచి పోల్చుకోవచ్చు. నిబంధనల పుస్తకంలో రంగు ఊసే లేదు, మంచిదే. పుస్తకానికి కళ్ళు లేవు, మెట్ల దగ్గర నిలబడే మనిషికున్నాయి. ఆ గదిలో నిన్న గడ్డం ఖాతాలో కూర్చున్నవాళ్ళు నలుగురట. మావాడు, ఒక ఇరాన్ పిల్లాడు, ఒక లెబనాన్ పిల్లాడు, ఒక ఇటలీ ఇంటిపేరు కుర్రాడు. ఐక్యరాజ్యసమితిలా ఉంది నాన్నా అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మీకో సంగతి గుర్తుచేయాలి. నిరుడు, జెస్యూట్ల సంఘం పెట్టిన ఇగ్నేషియస్ లొయోలా మీద థియాలజీ ప్రాజెక్టు మావాడికిచ్చారు. అంటే రాత్రి పదకొండింటికి నాకిచ్చారు. అందుకని ఆయన చరిత్ర నాకు బాగా వచ్చు. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, మంచాన పడి, మనసు మారిన సైనికుడు. మరుసటేడు మన్రేసాలో ఉండగా జుట్టు దువ్వుకోవడం, కత్తిరించుకోవడం మానేశాడు. గోళ్ళు కూడా తీయలేదు. అంతకు ముందు జుట్టంటే తెగ మోజట, దానికది ప్రాయశ్చిత్తం. ఆయనే ఇవాళ మావాడి బడి మెట్లెక్కితే జుట్టుకో జగ్, గోళ్ళకో జగ్, బెల్టు బదులు తాడు కట్టినందుకు ఇంకో జగ్.

అక్కడితో ఆగలేదు. 1527లో ఆయన అల్కలాలో చదువుకుంటుంటే మతాధికారులు అనుమానించి 42 రోజులు జైల్లో పెట్టారు. మన లెక్కలో మండలం దీక్ష, పైన ఒక రోజు కొసరు. వదిలేటప్పుడు ఏం షరతులు పెట్టారో తెలుసా? మిగతా విద్యార్థుల్లాంటి బట్టలే వేసుకో, ఇంకో నాలుగేళ్ళు చదివేదాకా మత విషయాలు మాట్లాడకు. డ్రెస్ కోడు, నాలుగేళ్ళ చదువు, నోరు మూసుకు కూర్చోవడం! అచ్చం మన హైస్కూలే. ఆయనకది నచ్చక ఆ ఊరే విడిచి వెళ్ళిపోయాడు. ఆయన్ని కూర్చోబెట్టిన వాళ్ళ పద్ధతి ఆయన శిష్యుల బడిలో మీ పేరుతో సుఖంగా బతుకుతోంది. సిగ్గుందా మీకు?

నేను అయ్యప్ప మాల వేసుకున్న ఏడు 41 రోజులు గడ్డం ముట్టుకోలేదు. మాకు పెంచడం భక్తి, మీకు గీయడం భక్తి. అయినా ఆ ఏడు మా ఆఫీసులో ఎవరూ నన్ను గదిలో పెట్టి తాళం వేయలేదు.

మిగతావి పెద్దగా పట్టించుకోను. ఫీజు కట్టాక కూడా లాటరీ టికెట్ల పుస్తకం ఇంటికి పంపి అమ్మిపెట్టమంటారు, అవన్నీ చివరికి నేనే కొంటాను. పిల్లల నాన్నలుండే ఫాదర్స్ క్లబ్ వాళ్ళు శుక్రవారం ఫుట్‌బాల్ ఆటకి నన్ను చలిలో హాట్‌డాగ్‌లు తిప్పడానికి నిలబెడతారు, పైగా నేను శాకాహారిని. ఆడపిల్లల బడివాళ్ళని పిలిచి మిక్సర్ అని డాన్సు పార్టీ పెడితే మావాడు రెండు గంటలూ గోడకి ఆనుకుని నిలబడి, "బాగుంది" అని ఇంటికొస్తాడు. 1973లో అప్పటి జెస్యూట్ల పెద్ద పేద్రో అర్రూపే అన్న 'ఇతరుల కోసం మనుషులు' అన్న మాట ప్రతి గోడ మీదా రాసుంది. పార్కింగ్‌లో నిన్న నేను కూర్చున్నదీ అందుకే అనుకున్నాను.

కానీ జగ్, నీ వల్ల నిన్న పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్ పోయింది. ఆరు వారాలు ఎదురుచూసి తీసుకున్నది. రానందుకు యాభై డాలర్లు. నేను మూడింటికే వచ్చాను, నువ్వు వదిలావా? లోపలికెళ్ళి అడిగితే కౌంటర్ దగ్గర ఆవిడ బహు మర్యాదగా "జగ్‌కి మినహాయింపుల్లేవండీ" అంది. తిరుమలలో దర్శనానికైనా సిఫారసు లెటరు పనిచేస్తుంది, నీ దగ్గర అదీ లేదు. నీ మొహం మండ.

నిజం కూడా రాయాలి, రాయకపోతే మావాడు కోప్పడతాడు. వాడు ఈ బడిలో చేరినప్పుడు ఒక్కడూ తెలిసినవాడు లేడు. రెండు వారాలు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఒక్కడే పులిహోర తిని డబ్బా తెచ్చేవాడు. నిరుటి ఆ బెల్టు జగ్‌లోనే, చూయింగ్ గమ్ నమిలి దొరికిన ఒకడి పక్కన కూర్చున్నాడు. మాట్లాడకూడదు కదా, గంటసేపూ కాగితం మీద గుర్రాలు గీసి అటూ ఇటూ తోశారట. మర్నాటి నుంచి డబ్బాలో పులిహోర ఇద్దరికి పెట్టాల్సొచ్చింది. దీనికి నీకేం థాంక్స్ చెప్పను. అలా జరిగిందని చెబుతున్నానంతే.

నాలుగుంపావుకి తలుపు తెరుచుకుంది. మావాడు ఆ ఇటలీ ఇంటిపేరు కుర్రాడితో పగలబడి నవ్వుకుంటూ వచ్చాడు. టై మెడలోనే ఉంది. ముడి విప్పకుండా వదులు చేసి లాకర్లో తగిలించి, పొద్దున తలలోంచి దూర్చుకోవడం నిరుడే నేర్చాడు. చుబుకం మీద చిన్న టిష్యూ ముక్క, మధ్యలో ఎర్ర చుక్క. కారెక్కాక అద్దంలో చూసుకుని దాన్ని మెల్లగా ఊడదీశాడు. మళ్ళీ రక్తం వచ్చింది.

"నాన్నా, వాడి లాకర్లో బ్యాటరీ ట్రిమ్మరుందిట. సిక్స్త్ పీరియడ్ ముందు వెళ్తే డాలరుకి అద్దెకిస్తాట్ట. బెల్టయితే రెండు డాలర్లు."

డ్యాష్‌బోర్డు అరలో చిల్లర వెతికి వాడి చేతిలో పెట్టాను. నాలుగు క్వార్టర్లు.

ఇట్లు,
రెండ్రోజులుగా కావాలనే గడ్డం గీసుకోని
ఒక సోఫోమోర్ (పదో తరగతి) తండ్రి