సవరణ: ‘హావ్’ ఎక్కడ, ‘డిడ్’ ఎక్కడ

ఇంగ్లిష్ కాలాల మీద మొన్నటి పోస్టులో "పని అయిపోతే హావ్ గానీ హాజ్ గానీ పెట్టి, వెనక క్రియ మూడో రూపం రాయాలి" అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదువుకోండి: పని అయిపోయింది, ఎప్పుడన్నది చెప్పట్లేదు, అప్పుడు హావ్, హాజ్. నిన్న, పోయిన వారం, 2016లో అని గడిచిన సమయం చెప్పారా, ఇక రెండో రూపమే.

సూర్యాపేటనే చూడండి. నల్గొండ నుంచి విడిపోయి 2016 అక్టోబరులో జిల్లా అయింది. "సూర్యాపేట బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2016" అనాలి. ఇక్కడ ‘హాజ్ బికమ్’ కుదరదు. ఇప్పటికీ జిల్లాగానే ఉంది కాబట్టి "ఇట్ హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2016" కూడా సరైనదే. ‘ఇన్’ ఆ ఏడాది దగ్గరే ఆగుతుంది, ‘సిన్స్’ ఇవాళ్టిదాకా లాక్కొస్తుంది.

మనోళ్లు ఎక్కువ తడబడేది ప్రశ్నల దగ్గర. మహబూబ్‌నగర్ బస్టాండులో దిగిన చుట్టాన్ని "వెన్ హావ్ యు కమ్?" అంటాం. (చుట్టంతో ఇంగ్లిష్ ఎందుకంటారా, ఇంటర్వ్యూకు ప్రాక్టీసు అనుకోండి.) "వెన్ డిడ్ యు కమ్?" అనాలి. డిడ్ వచ్చాక కేమ్ రాదు, కమ్ చాలు.

‘దిస్ మార్నింగ్’ సంగతి వేరు. పొద్దున పదింటికి "ఐ హావ్ కాల్డ్ హిమ్ ట్వైస్ దిస్ మార్నింగ్" సరే. సాయంత్రం చెబితే, పొద్దున గడిచిపోయింది కాబట్టి "ఐ కాల్డ్". మొన్నటి పోస్టులోని ఫర్, సిన్స్‌ల పట్టికలో మార్పేమీ లేదు.