క్రైస్తవులు తగ్గారా, గడి మారిందా?

1971 జనగణనలో ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 18 లక్షల పైచిలుకు, అంటే నూటికి నలుగురు. నలభై ఏళ్ల తరువాత, 2011లో, అదే ఉమ్మడి రాష్ట్రంలో వారు 11 లక్షల చిల్లరే. నూటికి ఒకటిన్నర కూడా లేరు. ఈలోగా రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపయింది. కోస్తాలో ఏ ఊరి పేటలోకి వెళ్లినా కొత్త మందిరం కనబడుతుంది, డిసెంబరు వస్తే ఇంటింటికీ నక్షత్రం వెలుగుతుంది. మందిరాలు పెరుగుతూ విశ్వాసులు తరిగిపోయే మతం ఉంటుందా?

జవాబు కుల ధ్రువీకరణ పత్రంలో ఉంది. ఎవరు ఎస్సీలో నిర్ణయించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరాలో, హిందువులు కానివారిని పక్కన పెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను లోపలికి రానిచ్చారు. క్రైస్తవులు, ముస్లింలు గుమ్మం బయటే ఉండిపోయారు.

ఈ గుమ్మం అందరికీ అడ్డం కాదు, అసలు తిరకాసు అక్కడే ఉంది. ఫిరంగిపురం రెడ్డి కథోలిక్కులు తరతరాలుగా క్రైస్తవులే, తరతరాలుగా రెడ్లే. మతం వల్ల కాగితం మీద వారు పోగొట్టుకున్నదేమీ లేదు. మన్యంలో గిరిజనుడు బాప్తిస్మం తీసుకున్నా ఎస్టీగానే ఉంటాడు, ఎందుకంటే ఎస్టీల ఉత్తర్వులో మతం ప్రసక్తి లేదు. మాల, మాదిగలు మాత్రం క్రైస్తవులైతే బీసీ-సీలోకి, అంటే క్రైస్తవంలోకి మారిన ఎస్సీల కోసం పెట్టిన బీసీ గుంపులోకి, వెళ్లాలి. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉన్న రాష్ట్రంలో ఆ గుంపుకున్నది 1 శాతం. పైగా 29 ఎస్సీ అసెంబ్లీ స్థానాల్లో పోటీ చేసే అర్హత పోతుంది. అట్రాసిటీ చట్టం అండా పోతుంది. పాస్టరుగా పనిచేస్తున్న ఒక వ్యక్తి తనను కులం పేరుతో దూషించి కొట్టారని పెట్టిన కేసులో, మతం మారిన వ్యక్తికి ఆ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. తిట్టేవాడు మాత్రం ముందుగా మతం అడిగి తిట్టడు.

ఇక ఆ ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. గోడ మీద వాక్యం రాసిన క్యాలెండరు, బీరువాలో ‘హిందూ-మాదిగ’ అని ఉన్న సర్టిఫికెట్. పిల్లవాడికి మందిరంలో ఒక పేరు, బడిలో ఇంకో పేరు. పెళ్లి పందిట్లో పాస్టరు గారు ప్రమాణాలు చేయిస్తారు, పాటలు పాడతారు, వాక్యం చెబుతారు. చివర్లో పెళ్లికూతురి తండ్రి పక్కకు పిలిచి, ‘అయ్యగారూ, ప్రార్థన చాలు, చర్చి సర్టిఫికెట్ వద్దు’ అంటాడు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదైన ఆ కాగితం రేపు ఉద్యోగం దగ్గర ఎదురు తిరుగుతుందని ఆయన భయం. జనగణన సిబ్బంది వచ్చి మతం అడిగితే ఇంటాయన ఒక్క క్షణం భార్య ముఖం చూసి, ‘హిందూ అని రాసుకోండి’ అంటాడు. అదే మనిషి పోయాక సమాధుల తోటలో సిలువ నాటుతారు. అక్కడ ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

దీన్ని మోసం అనేవారున్నారు. నేను అనలేను. అబద్ధం ఆడేది ఇంటాయనే కావచ్చు, ఆడించేది ఆ మూడో పేరా.

‘బియ్యం కోసం మారినవాళ్లు’ అన్న ఎత్తిపొడుపు కూడా పాతదే. 1876-78 నాటి ధాత కరువు రోజుల్లో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాకే, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. వారిలో అత్యధికులు మాదిగలు. కరువులో తమను మనుషులుగా చూసినవారి మీద నమ్మకం కలిగి ఉండవచ్చు, అందులో తప్పేముంది? ఊరి బావి దగ్గరికి రానివ్వని మతాన్ని వదలడానికి వారికి ఇంకే కారణం కావాలి?

అయితే బావి మారినా వాడ మారలేదు. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి రాయితీ అక్కర్లేదని వాదించేవారు ఒకసారి చర్చి లోపలికి కూడా తొంగి చూడాలి. బిషప్పు పదవి ఏ కులానిదన్న లెక్కలు, పెళ్లి సంబంధాల్లో కులం ఆరాలు అక్కడా ఉన్నాయి. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు లోకమంతా ‘తొలి దళిత కార్డినల్’ అని రాసింది. చర్చిలో కులం లేకపోతే ఆ మాటకు అర్థమే ఉండదు. చర్చి పెద్దలు ఢిల్లీకి వినతిపత్రాలు మోస్తారు గానీ, సొంత ఇంటి కులాన్ని వేదిక మీద ఒప్పుకోవడానికి నోరు పెగలదు.

ప్రభుత్వాల తీరు మరీ సులువు. పాస్టర్లకు నెలకు రూ. 5,000 గౌరవ వేతనం, జెరూసలేం యాత్రకు సాయం, క్రిస్మస్ విందు. ఎస్సీ హోదా ఇవ్వాలన్న అసలు కోరిక మీద 2023 మార్చిలో అసెంబ్లీ ఒక తీర్మానం చేసి కేంద్రం వైపు తోసింది. దళిత క్రైస్తవులనూ ముస్లింలనూ ఎస్సీల్లో చేర్చాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. దాన్ని అటకెక్కించి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

వ్యతిరేకించే వాదనల్లో ఒకటి మాత్రం బరువైనది. కొత్తవారు చేరితే ఉన్న ఎస్సీల వాటా తగ్గుతుందన్నది. 15 శాతాన్ని రెల్లి, మాదిగ, మాల గుంపులుగా పంచుకోవడానికే మూడు దశాబ్దాలు పోరాడిన రాష్ట్రం ఇది. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. కానీ ఈ మాట చెప్పేవారే మరుసటి వాక్యంలో, ‘దొంగ హిందువులు ఎస్సీ కోటా తినేస్తున్నారు’ అంటారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. వారు ఇప్పటికే పంక్తిలో కూర్చుని ఉంటే, అసలు పేరుతో పిలిచినంత మాత్రాన కొత్త విస్తరి వేయాల్సిన పని లేదు. వారు పంక్తిలో లేనే లేరంటే, ఆ నింద వెనక్కి తీసుకోవాలి.

2027 జనగణనలో కులం కూడా రాసుకుంటారు. మతం దగ్గర క్రైస్తవం అని చెప్పినవారిని ఎస్సీగా లెక్కించరు. పేటలో ఆ ఇంటాయన మళ్లీ భార్య ముఖం చూస్తాడు.