నల్లగా ఉంటే పాతదేనట!

"పాత రమ్మును గుర్తుపట్టే ఆరు సూత్రాలు" అన్న ఫార్వర్డ్ ఈ వారం మళ్లీ వచ్చింది. పంపినవాళ్లలో జన్మలో రమ్ము ముట్టనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను వదిలేయవచ్చు. కానీ ఒక మిత్రుడు డ్యూటీ ఫ్రీ దుకాణంలో నిలబడి రెండు సీసాల ఫొటో పెట్టి, "సూత్రం ప్రకారం పెద్ద అంకె ఉన్నదే కొనాలి కదా?" అని అడిగాడు. ఇక రాయక తప్పడం లేదు.

సూత్రాలివి. రంగు ఎంత ముదురైతే రమ్ము అంత పాతది. సీసా మీద అంకె ఎంత పెద్దదైతే అంత మేలైనది. గొంతులో మెత్తగా దిగితే బాగా మాగినట్టు. గ్లాసు లోపలి గోడ మీద చారలు నిదానంగా జారితే నాణ్యమైనది. కొన్న సీసాను అలమారాలో దాచితే ఏటేటా రుచి పెరుగుతుంది. చివరగా, రమ్ముకు వింటేజ్, అంటే ఫలానా ఏడు కాచిందని సీసా మీద వేయడం, అన్న మాటే ఒక బూటకం.

చారల సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది: ఆల్కహాలు గాని, చక్కెర గాని ఎక్కువగా ఉన్న ఏ ద్రవమైనా అలా జారుతుంది. అలమారా సంగతీ అంతే. రమ్ము మాగేది చెక్క పీపాలో, గాజులో కాదు. మీ నాన్నగారు 1990లో కొన్న ఎనిమిదేళ్ల రమ్ము మూత తీయకపోతే ఇప్పటికీ ఎనిమిదేళ్లదే. ధర పెరిగి ఉండవచ్చు, అది వేరే వ్యాపారం.

రంగు దగ్గర కొంచెం ఆగాలి. పీపా రంగునిస్తుంది, నిజమే. మాడ్చిన చక్కెర కూడా ఇస్తుంది, అదీ ఒక్క పూటలో. నల్లటి రమ్ముల్లో చాలావాటి నలుపు ఈ రెండో దారిన వచ్చిందే. అటువైపు గయానా నుంచి వచ్చే ఎల్ డొరాడో 3 చూడండి. మూడేళ్లు పీపాలో ఉండి, బొగ్గులో వడకట్టడం వల్ల నీళ్లలా తెల్లగా ఉంటుంది. మూడు నాలుగు విడతలు వాడేసిన పీపాలో పదిహేనేళ్లున్నా లేత బంగారు రంగే వస్తుంది. కంటితో వయసు లెక్కగట్టేవాళ్లకు నా నమస్కారం.

ఇప్పుడు అంకె. జేబులు ఖాళీ చేస్తున్నది ఈ సూత్రమే. గ్వాటెమాలా వారి రాన్ సకాపా మీద ఉండే 23నే తీసుకోండి. అది సొలేరా పద్ధతి. పీపాలను వరసలుగా పేర్చి, ముదురు వరసలోంచి కొంత తీసి, ఆ ఖాళీని లేత రమ్ముతో నింపుతూ పోతారు. అందులో 6 నుంచి 23 ఏళ్ల వరకు వయసున్న రమ్ములు కలిసి ఉంటాయని తయారీదారులే చెబుతారు. అంటే తాతగారికి ఎనభై ఏళ్లు కాబట్టి ఇంటిల్లిపాదికీ ఎనభై అన్నట్టు. జమైకాలో ఆపిల్టన్ 12 అంటే లెక్క తలకిందులు: కలిపినవాటిలో అన్నిటికన్నా లేతదానికి 12 ఏళ్లు నిండి ఉండాలి. మార్టినిక్‌లో అంకె బదులు అక్షరాలు కనిపిస్తాయి. అక్కడ ఎక్స్‌ఓ (చాలా పాతదని అర్థం) అని రాయాలంటే కనీసం ఆరేళ్లు చాలు. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో పెట్టి 23 గెలిచిందంటున్నారు మన సూత్రకారులు.

సరే, అంకె నికార్సైనదే అనుకుందాం. ఎక్కడ గడిచిన ఏళ్లవి? కరేబియన్ వేడిలో పీపాలోంచి ఏటా 6 నుంచి 8 శాతం ఆవిరైపోతుంది. స్కాట్లాండ్ చలిలో 2 శాతం దాకా. ఏటా 7 శాతం చొప్పున పోతే 100 లీటర్లలో ఇరవై ఏళ్లకు మిగిలేది 23. రెండు శాతం చొప్పునైతే 67. కరేబియన్‌లో కాచిన రమ్మును యూరప్‌కు తరలించి అక్కడి గోదాముల్లో మాగబెట్టడం పాత అలవాటే కాబట్టి, ఒకే బట్టీ సరుకు రెండు వాతావరణాల్లోనూ ఇరవై ఏళ్లు గడపవచ్చు. రెండు సీసాల మీదా 20 అనే ఉంటుంది. లోపలి ద్రవాలకు పోలిక వెతకాలి. పైగా ఆ వేడిలో మరీ ఎక్కువ కాలం ఉంటే చెక్క మొత్తం మింగేస్తుంది. చేదు, కరక్కాయ వగరు, ఇంకేమీ ఉండదు. ఎక్కువ ధర పెట్టి కొన్నాం కదా అని దాన్ని "గంభీరమైన రుచి" అంటారు.

వయసు కన్నా ముందు అడగాల్సింది ఏ బట్టీలో కాచారు, ఎన్నాళ్లు పులియబెట్టారు అన్నది. గయానాలో పోర్ట్ మౌరంట్ పేరు మోసే బట్టీ చెక్కది, ఇప్పుడు డైమండ్ డిస్టిలరీలో ఉంది. ఆ రమ్ములో సోంపు, అతిమధురం వాసన ముందుగా తగులుతుంది. (క్రికెట్ అభిమానులకు: రోహన్ కన్హాయ్ పుట్టింది ఆ పోర్ట్ మౌరంట్‌లోనే.) జమైకాలోని హాంప్డెన్ డిస్టిలరీ వారాల తరబడి పులియబెడుతుంది. అక్కడ రమ్మును ఈస్టర్లను (పులిసేటప్పుడు పుట్టే, పండ్ల వాసననిచ్చే పదార్థాలను) బట్టి గుర్తులుగా విడదీస్తారు. 100 లీటర్ల శుద్ధ ఆల్కహాలుకు ఓడబ్ల్యూహెచ్ గుర్తులో 40 నుంచి 80 గ్రాములు, డీఓకే గుర్తులో 1500 నుంచి 1600. పీపా ముఖం చూడని డీఓకేని వాసన చూడండి. మగ్గిపోయిన పనసతొన, అనాస, గోళ్ల రంగు తుడిచే ద్రవం ఒక్కసారిగా ముక్కుకు తగులుతాయి. వయసు సున్నా. దీన్ని మీ సూత్రం ఏ గడిలో వేస్తుంది?

మెత్తదనం గురించి. బట్టీలోంచి వచ్చే రమ్ములో చక్కెర ఉండదు. తరువాత కలిపితే ఉంటుంది, అప్పుడు మంట తగ్గి మెత్తగా దిగుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2021 మే నుంచి రమ్ములో తీపి లీటరుకు 20 గ్రాములు మించకూడదు. అంటే ఆ మేరకు కలపవచ్చనే. బార్బడోస్‌లో ఫోర్‌స్క్వేర్ డిస్టిలరీ నడిపే రిచర్డ్ సీల్ ఏళ్ల తరబడి పోట్లాడుతున్నది ఈ కలపడం మీదే. రాత్రి తాగిన గ్లాసు కడగకుండా వదిలి, పొద్దున్న అడుగున వేలు పెట్టండి. జిగురుగా అంటుకుంటే మీ "మాగిన మెత్తదనం" ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. తీపి రమ్ము ఇష్టమైతే హాయిగా తాగండి, నేనూ తాగుతాను. దానికి వయసు అని పేరు పెట్టకండి.

నిజంగా పోల్చాలంటే ఒకే రకం గ్లాసులు, ముందు ఘాటు సరిచేయడం. 62 శాతం ఆల్కహాలున్న రమ్ము 30 మిల్లీలీటర్లకు సుమారు 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 46కి దిగుతుంది. అప్పుడే 46 శాతం దాని పక్కన నిలబెట్టడం న్యాయం. పేర్లు కనిపించకుండా వేరేవాళ్ల చేత పోయించుకోవాలి. హాంప్డెన్ ఉంటే చివరికి ఉంచాలి, దాని తరువాత నాలుకకు ఇంకేదీ తెలియదు.

ఆరో సూత్రం, వింటేజ్ బూటకమన్నది. విచిత్రంగా దీంతో చాలావరకు ఏకీభవిస్తాను. మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే చెరకు మడ్డి) రమ్ములో ఆ ఏటి చెరకు పంట గుణం వెతకడం దండగ. బట్టీ, పులియబెట్టిన తీరు, పీపా దాన్ని ఎప్పుడో కప్పేస్తాయి. మార్టినిక్‌లోలా తాజా చెరకు రసంతో చేసేవాటికి కొంత మినహాయింపు ఇస్తాను. ట్రినిడాడ్‌లో ప్రభుత్వం 2003లో మూసేసిన కరోనీ డిస్టిలరీ మరో మినహాయింపు. అక్కడ మిగిలిన పీపాల్లో చాలావాటిని ఇటలీ వ్యాపారి లూకా గార్గానో కొని, కాచిన సంవత్సరం వేసి అమ్మాడు. ఆ తారు, రబ్బరు వాసన కొత్తగా కాచేవాళ్లు లేరు. కాబట్టి సీసా మీది సంవత్సరాన్ని, ఎక్కడ మాగిందన్న వివరాన్ని కలిపి చదివాకే డబ్బు తీయండి.